పగలు ముగిసే గీత ఎక్కడుంది?

భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, సూర్యుడి వైపున్న సగం పగలు, అవతలి సగం రాత్రి. ఈ పాఠం చిన్న తరగతుల్లోనే అందరం చదువుకున్నాం. చీకటి గదిలో గ్లోబు మీద టార్చిలైటు వేసి చూపిస్తే ఇక అడగడానికి ఏమీ మిగలలేదనిపిస్తుంది. పాఠంలో తప్పేమీ లేదు. అయితే పగలూ రాత్రీ ఎందుకు వస్తాయో అది చెబుతుందే గానీ, పగటికీ రాత్రికీ తేడా ఏమిటో చెప్పదు. ఒకే ఆకాశం పగలు నీలంగా, రాత్రి నల్లగా ఎందుకుంటుంది? వెలుగు తగ్గేకొద్దీ రంగులు ఏమైపోతాయి? చీకటి పడిందని మొక్కకు ఎలా తెలుస్తుంది? అసలు పగలు ఏ క్షణాన ముగిసినట్టు? గ్లోబు మీద వెలుగుకూ చీకటికీ మధ్య కనిపించే ఆ గీతను నేల మీద వెతకబోతే అలాంటిది ఎక్కడా దొరకదు. గాలికి ఒక సరిహద్దు, కంటికి ఇంకొకటి, ఒంట్లోని గడియారానికి మరొకటి ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కలవవు.

ముందు సూర్యోదయ సూర్యాస్తమయాల సంగతి చూద్దాం. మార్చిలో, సెప్టెంబరులో వచ్చే విషువత్తుల నాడు పగలూ రాత్రీ సమానమని చదువుకున్నాం. నిజంగా కొలిస్తే ఆ రోజున పగలే ఎక్కువ. భూమధ్యరేఖ మీద ఏడాదిలో ఏ రోజు కొలిచినా పగలు 12 గంటల కంటే 6, 7 నిమిషాలు అదనంగానే ఉంటుంది. దీనికి కారణాలు రెండు. సూర్యబింబం పై అంచు కనిపించిన క్షణాన్ని ఉదయంగా, ఆ పై అంచు కూడా మునిగిపోయిన క్షణాన్ని అస్తమయంగా లెక్కిస్తారు. ఆకాశంలో బింబం వెడల్పు సుమారు అర డిగ్రీ కాబట్టి ఉదయం ఒక నిమిషం, సాయంత్రం ఒక నిమిషం ఇలా కలిసివస్తాయి. రెండో కారణం గాలి. క్షితిజం దగ్గరి నుంచి వచ్చే కిరణాలు దట్టమైన గాలి పొరల్లోకి దిగుతూ వంగుతాయి. ఆ వక్రీభవనం వల్ల సూర్యుడు ఉన్న చోటు కంటే అర డిగ్రీకి కాస్త పైగానే ఎత్తులో కనిపిస్తాడు. అంటే సముద్రం ఒడ్డున నిలబడి చూస్తున్నప్పుడు బింబం కింది అంచు నీళ్ళను తాకే వేళకు, లెక్క ప్రకారం సూర్యుడు మొత్తంగా క్షితిజం కిందికి దిగిపోయాడు. కళ్ళెదుట ఎర్రగా, నిండుగా కనిపిస్తున్న ఆ బింబం నిజానికి అక్కడ లేదు.

బింబం మునిగితే రాత్రి అయినట్టేనా అంటే, అదీ కాదు. ఖగోళ శాస్త్రవేత్తలు సంధ్యను మూడు అంచెలుగా విడగొట్టారు. సూర్యుడి కేంద్రం క్షితిజానికి 6 డిగ్రీల దిగువకు చేరేదాకా పౌర సంధ్య. ఆకాశం నిర్మలంగా ఉంటే దీపం లేకుండానే బయటి పనులు చక్కబెట్టుకోవచ్చు. అక్కడి నుంచి 12 డిగ్రీల దాకా నావిక సంధ్య. సముద్రం మీద క్షితిజరేఖా, ఆకాశంలో ప్రకాశవంతమైన నక్షత్రాలూ ఒకేసారి కనిపించే సమయం ఇదే. ఉపగ్రహాలు లేని కాలంలో నావికులు ఈ వేళ కోసమే కాచుకుని, సెక్స్‌టెంట్‌తో నక్షత్రాల ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో లెక్కకట్టేవారు. 12 నుంచి 18 డిగ్రీల దాకా ఖగోళ సంధ్య. మామూలు కంటికి అప్పటికే చీకటి పడిపోయినట్టే, కానీ అతి మసక నక్షత్రాలను వెతికే టెలిస్కోపుకు ఆ మిగిలిన వెలుగు కూడా అడ్డమే. 18 డిగ్రీలు దాటాకే నిజమైన రాత్రి.

వెలుగు నుంచి చీకటికి ఈ వాలు దిగడానికి పట్టే సమయం అన్నిచోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి గంటా పది నిమిషాల్లో పూర్తి చీకటి వచ్చేస్తుంది. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఏటవాలుగా జారతాడు. జూన్ చివరి వారాల్లో అక్కడ నడిరాత్రి సైతం సూర్యుడు 18 డిగ్రీల లోతుకు చేరడు, అంటే ఆ రోజుల్లో అక్కడ ఖగోళ శాస్త్రం ఒప్పుకునే రాత్రే లేదు. ధ్రువాల దగ్గర ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అనే మాట కూడా సగమే నిజం. ఉత్తర ధ్రువంలో సెప్టెంబరు చివర్లో సూర్యుడు అస్తమించాక పూర్తి చీకటి పడటానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. జనవరి ముగిసే లోపే వేకువ మొదలవుతుంది. ఆరు నెలల రాత్రి అనుకునే దానిలో అసలైన చీకటి సుమారు పదకొండు వారాలే, మిగిలిందంతా సంధ్యే.

వెలుగును అంకెల్లో పెడితే ఈ వాలు ఎంత లోతైనదో అర్థమవుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నేల మీద పడే వెలుగు సుమారు 1,00,000 లక్సులు (లక్సు అంటే ఒక చోట పడే వెలుగును కొలిచే ప్రమాణం). పౌర సంధ్య ముగిసేసరికి అది 3 లక్సుల దగ్గరికి పడిపోతుంది. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్సుకు మించదు. చంద్రుడు లేని నిర్మలమైన రాత్రి, నక్షత్రాల వెలుగు ఒక లక్సులో వెయ్యో వంతు. నడిపగటికీ నక్షత్రాల రాత్రికీ మధ్య పది కోట్ల రెట్ల తేడా ఉందన్నమాట. ఇంత తేడాను ఒకే జత కళ్ళతో దాటుతున్నాం. కంటి సంగతికి వచ్చే ముందు గాలి గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే పగలు అనే దృశ్యాన్ని తయారుచేస్తున్నది అదే.

చంద్రుడి మీద పగలు ఎలా ఉంటుందో 1969 నుంచి 1972 దాకా అక్కడ దిగిన పన్నెండు మంది కళ్ళారా చూశారు. సూర్యుడు వెలుగుతున్నాడు, నేల కళ్ళు చెదిరేలా మెరుస్తోంది, పైన ఆకాశం మాత్రం కారునలుపు. అక్కడ చెప్పుకోదగ్గ వాతావరణం లేదు కాబట్టి సూర్యకాంతిని చెదరగొట్టేది లేదు. ఇక్కడ గాలి అణువులు ఆ పని చేస్తాయి. పొట్టి తరంగాల కాంతిని అవి మరీ ఎక్కువగా చెదరగొడతాయని 1871లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ గణితంతో చూపించాడు. తరంగం పొడవును నానోమీటర్లలో, అంటే మీటరులో వంద కోట్ల వంతుల్లో కొలుస్తారు. 450 నానోమీటర్ల నీలం, 700 నానోమీటర్ల ఎరుపు కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. అలా చెదిరిన నీలం అన్ని దిక్కుల నుంచీ కంటికి చేరుతుంది. నక్షత్రాలు పగలు కూడా ఉన్నచోటనే ఉంటాయి, ఈ వెలిగే నీలి తెరను దాటి వాటి వెలుగు మనకు ఆనదు. సూర్యుడున్నంత మాత్రాన పగలు రాదని, దాని వెలుగును ఆకాశమంతా పరిచే గాలి కూడా ఉండాలని చంద్రుడి నల్లని పగటి ఆకాశం రుజువు చేస్తోంది.

సంధ్య నీలం వెనక కథ మాత్రం వేరు. సూర్యుడు దిగాక నడినెత్తిన ఆకాశం ముదురు నీలంగా మారడానికి కూడా రేలీ చెప్పిన కారణమే చాలని చాలాకాలం అనుకున్నారు. 1953లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్‌బర్ట్ లెక్కవేస్తే అది కుదరలేదు. ఆ వేళ కిరణాలు గాలిలో చాలా దూరం అడ్డంగా ప్రయాణించి వస్తాయి. దారిలోనే నీలం చాలావరకు చెదిరిపోతుంది కాబట్టి నడినెత్తిన పసుపు ఛాయో, బూడిద రంగో కనిపించాలి. అక్కడ నీలాన్ని నిలబెడుతున్నది ఓజోన్. ఆ పొడవాటి దారిలో అది నారింజ, ఎరుపు కాంతిని పీల్చేసి నీలాన్ని విడిచిపెడుతుంది. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే పొరగానే ఓజోన్ పేరు వింటుంటాం. ప్రతి సాయంత్రం తలపైన కనిపించే ఆ రంగు కూడా దాని చలవేనని ఎంతమందికి తెలుసు?

సూర్యాస్తమయం చూడాలంటే అందరం పడమటికే తిరుగుతాం. మబ్బులేని ఒక సాయంత్రం తూర్పు వైపు చూడండి. సూర్యుడు మునిగిన కొద్ది నిమిషాలకు తూర్పు క్షితిజం మీద, నేలను ఆనుకుని, ఉక్కు ఛాయ కలిసిన నీలపు పట్టీ ఒకటి ఏర్పడుతుంది. దానికి పైన లేత గులాబీ అంచు ఉంటుంది. చూస్తుండగానే పట్టీ పైకి లేస్తుంది, గులాబీ రంగు పలచబడి మసకలో కలిసిపోతుంది. ఆ నీలపు పట్టీ భూమి నీడ. మన వెనక మునిగిన సూర్యుడు మనమున్న గ్రహం నీడను ఎదుటి గాలి మీద వేస్తున్నాడు. ఆ నీడ నడినెత్తికి చేరి, దాటి, ఆకాశాన్నంతా కమ్మితే దాన్ని రాత్రి అంటున్నాం. భూమికి అవతలి వైపు ఇది కూచిగా సాగుతూ సుమారు 14 లక్షల కిలోమీటర్ల దూరం వరకు పోతుంది. 3,84,000 కిలోమీటర్ల దూరంలో తిరిగే చంద్రుడు ఎప్పుడైనా దానిలోకి వచ్చినప్పుడు చంద్రగ్రహణం. ఇలా తూర్పున లేచే రాత్రిని నెమ్మదిగా చూడటం కంటే మంచి ఖగోళ పాఠం లేదని నా అభిప్రాయం. దీనికి పరికరమేదీ అక్కర్లేదు.

నీడలో ఉన్నాం కాబట్టి సూర్యకాంతి లేదు, సరే. మిగతా నక్షత్రాల వెలుగు ఏమైనట్టు? విశ్వానికి అంతు లేదని, అది ఎప్పటినుంచో ఉందని, దాని నిండా నక్షత్రాలేనని అనుకుందాం. అప్పుడు ఏ దిక్కున చూసినా చూపు ఎక్కడో ఒకచోట ఒక నక్షత్రం మీద ఆగాలి. దూరపు నక్షత్రం చిన్నదిగా కనిపించినా, దూరం పెరిగేకొద్దీ నక్షత్రాల సంఖ్య కూడా పెరుగుతుంది కాబట్టి ఆ లోటు భర్తీ అయిపోతుంది. ఆ లెక్కన రాత్రి ఆకాశమంతా సూర్యబింబంలా మండుతూ ఉండాలి. 1610లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఈ చిక్కును గుర్తించి, విశ్వానికి హద్దు ఉందనడానికి దాన్ని వాదనగా వాడుకున్నాడు. 1823లో జర్మనీకి చెందిన వైద్యుడు, ఖగోళ శాస్త్రవేత్త హైన్రిష్ ఓల్బర్స్ మళ్ళీ ఎత్తిచూపడంతో అది ఆయన పేరు మీదే స్థిరపడింది. మధ్యలో ఉన్న పదార్థం కాంతిని పీల్చేస్తోందని ఓల్బర్స్ అనుకున్నాడు. కానీ ఎంతకాలమైనా పీల్చుకుంటూ పోతే ఆ పదార్థం కూడా వేడెక్కి వెలగక తప్పదు.

జవాబు విశ్వం వయసులో ఉంది. అది సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. అంతకంటే ఎక్కువ కాలం ప్రయాణించాల్సిన కాంతి ఇంకా మన దాకా రాలేదు. చూపు అన్ని దిక్కులా ఒక నక్షత్రాన్ని తాకేంత లోతును ఈ వయసు ఇవ్వదు. దానికి తోడు విశ్వం విస్తరిస్తున్నకొద్దీ దూరం నుంచి వచ్చే కాంతి తరంగాలు సాగిపోతాయి. విశ్వం తొలినాళ్ళలో మండుతున్నప్పటి వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉంది, కానీ సాగి సాగి సూక్ష్మతరంగాలుగా మారిపోయింది. ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ ఒక రేడియో యాంటెన్నాతో దాన్ని పట్టుకున్నారు. 1965లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. దాని ఉష్ణోగ్రత 2.7 కెల్విన్, అంటే సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్. సూక్ష్మతరంగాలను చూడగల కళ్ళు మనకుంటే రాత్రి ఆకాశంలో నల్లని చోటే ఉండేది కాదు. రోజూ చూసే చీకటిని విశ్వానికి ఒక మొదలుందన్న సాక్ష్యంగా చదవగలగడం నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది.

ఇక కన్ను. వెలుగు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది, నిజమే. కానీ 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్లకు పెరిగినా లోపలికి వచ్చే వెలుగు 16 రెట్లే పెరుగుతుంది. పది కోట్ల రెట్ల తేడా ముందు అది ఏ మూలకు? అసలు పని కంటి వెనక వెలుగును పట్టే పొర, రెటీనా చేస్తుంది. అక్కడ రంగులు చూసే శంకు కణాలు సుమారు 60 లక్షలు, మసకలో పనిచేసే దండ కణాలు పది కోట్ల దాకా ఉంటాయి. ఎండలో దండ కణాల్లోని రోడాప్సిన్ అనే వర్ణపదార్థం చెదిరిపోయి ఉంటుంది. చీకట్లోకి వచ్చాక అది తిరిగి కూడుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది. ఈ లోపు వెలుగుతున్న ఫోను తెర వైపు చూస్తే చీకటికి అలవాటుపడిన చూపు మళ్ళీ దెబ్బతింటుంది.

పగటి చూపు రాత్రి చూపుకు పగ్గాలు అప్పగించే ఘడియను కూడా దగ్గరగా చూడవచ్చు. ఎర్రపూలు పూసిన మొక్క ఏదైనా చాలు. మధ్యాహ్నం ఆకుల మధ్య పువ్వే ముందు కంటపడుతుంది. సంజ ముదిరేకొద్దీ ఎరుపు కుంకి, నల్లబడి, పువ్వు ఉన్న చోటు ఒక మరకలా మిగులుతుంది. ఆకులు మాత్రం బూడిద రంగులో దానికంటే తేటగా కనిపిస్తాయి. శంకు కణాలకు అన్నిటికంటే బాగా ఆనేది 555 నానోమీటర్ల దగ్గరి పసుపు కలిసిన ఆకుపచ్చ. దండ కణాలకు 500 నానోమీటర్ల దగ్గరి నీలం కలిసిన ఆకుపచ్చ బాగా ఆనుతుంది, ఎరుపు దాదాపు ఆననే ఆనదు. 19వ శతాబ్దం తొలి దశల్లో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గమనించి రాసిన మార్పు ఇది. రెటీనా నట్టనడుమ దండ కణాలు లేవు కాబట్టి మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు కాస్త పక్కకు తిప్పితే మళ్ళీ కనిపిస్తుంది.

కంటికి కనిపించని తేడాలూ ఉన్నాయి. రాత్రంతా నేల వేడిని కోల్పోతూనే ఉంటుంది కాబట్టి అన్నిటికంటే చల్లని వేళ నడిరాత్రి కాదు, సూర్యోదయం అయిన కాసేపటికి వస్తుంది. రేడియో తరంగాలకూ పగలు, రాత్రి వేరు. 1902లో మార్కోనీ ఒక ఓడలో అట్లాంటిక్ దాటుతూ సంకేతాలు అందుకున్నాడు. పగలు 1,100 కిలోమీటర్ల దగ్గరే అవి ఆగిపోయాయి, రాత్రి మాత్రం 3,000 కిలోమీటర్లకు పైగా చేరాయి. కారణం ఆ తర్వాత తేలింది. ఎండ ఉన్నంతసేపు అయనావరణంలోని (గాలిలో చాలా ఎత్తున విద్యుదావేశం నిండిన భాగంలోని) దిగువ పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర తేలిపోతే తరంగాలు పై పొరల మీద పరావర్తనం చెంది దూర దేశాల్లో దిగుతాయి.

ఒంటికి పగలూ రాత్రీ ఎలా తెలుస్తాయన్నది ఇంకా ఆసక్తికరం. 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త డి మెరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచి చూశాడు. ఎండ సోకకపోయినా దాని ఆకులు పగటి వేళకు విచ్చుకుని, రాత్రి వేళకు ముడుచుకుంటూనే ఉన్నాయి. గడియారం మొక్కలోపలే ఉందన్నమాట. జీవకణాల్లో ఆ గడియారాన్ని నడిపే జన్యువులు ఎలా పనిచేస్తాయో వెలికితీసినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోజ్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిలో ఈ గడియారం సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు నెమ్మదిగా నడుస్తుంది. అందుకని రోజూ దాన్ని సరిచేయాలి, ఆ పని వెలుగు చేస్తుంది. దానికోసం రెటీనాలో మరో రకం కణాలు ఉన్నాయని, మెలనాప్సిన్ అనే పదార్థంతో అవి తమంతట తామే వెలుగును పసిగడతాయని 2002 నాటికి స్పష్టమైంది. బొమ్మ చూపడం వీటి ప్రధాన పని కాదు, వెలుగు ఎంతుందో మెదడుకు చెప్పడమే. 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి ఇవి బాగా స్పందిస్తాయి. చూపు లేనివారిలో కూడా కొందరి గడియారం సరిగ్గా నడవడానికి ఇవే కారణం.

ఇక్కడే మన జీవితం గాడి తప్పుతోందని నా ఆందోళన. ఎండ పడని నీడలో నిలబడినా బయట 10,000 లక్సులు ఉంటాయి. బాగా వెలుతురున్న ఆఫీసు గదిలో 500 లక్సులు ఉంటే గొప్ప. కంటికి రెండూ పగలే, ఎందుకంటే కన్ను సర్దుకుపోతుంది. ఒంట్లోని గడియారం అంత తేలిగ్గా సర్దుకోదు. దానికి గదిలో గడిచిన పగలు సంధ్యలా ఉంటుంది. రాత్రి పొద్దుపోయేదాకా దీపాల కింద, తెరల ముందు కూర్చుంటే నిద్రవేళను తెలిపే మెలటోనిన్ హార్మోను ఆలస్యంగా విడుదలవుతుంది, అదీ సంధ్యే. పగలంతా చాలినంత వెలుగూ లేక, రాత్రంతా చాలినంత చీకటీ లేక రోజు గడుస్తోంది.

మొక్కలైతే పగటి కంటే రాత్రినే కచ్చితంగా కొలుస్తాయి. పగటి పొడవును బట్టి పూత వస్తుందని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ నిరూపించారు. 1938లో హామ్నర్, బోనర్ మరులమాతంగి మొక్క మీద చేసిన ప్రయోగాలు ఆ మాటను తిరగరాశాయి. ఆ మొక్క పూయాలంటే కనీసం ఎనిమిదిన్నర గంటల ఎడతెగని చీకటి కావాలి. పగటి మధ్యలో కాసేపు చీకటి చేసినా దానికి పట్టదు. రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు వెలుగు చూపిస్తే మాత్రం పూత ఆగిపోతుంది. అది లెక్కపెడుతున్నది చీకటిని. పగలంటే వెలుగని, రాత్రంటే ఆ వెలుగు లేకపోవడమేనని అనుకునేవారికి ఈ మొక్క చెప్పే సాక్ష్యం గట్టిది. దానికి రాత్రి ఒక కొలత, ఒక కబురు.

ఆ కబురును మనం చెరిపేస్తున్నాం. వీధిదీపాల పక్కనున్న చెట్లు ఆకురాల్చే కాలంలో కూడా ఆకులను పట్టుకుని ఉంటున్నాయని 1936లోనే రాశారు. ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా కృత్రిమ వెలుగుతో చెడిన ఆకాశం కింద బతుకుతున్నారని, మూడో వంతు మందికి తామున్న చోటు నుంచి పాలపుంత కనిపించదని 2016లో వెలువడిన పటం తేల్చింది. మామూలుగా మబ్బు పడితే రాత్రి మరింత చీకటవుతుంది, నక్షత్రాలు కప్పుబడతాయి కదా. పెద్ద నగరాల్లో ఇది తలకిందులైంది. దీపాల వెలుగు మబ్బుల మీద పడి తిరిగి నేలకు వస్తుంది కాబట్టి అక్కడ మబ్బు రాత్రే ఎక్కువ వెలుగు.

దీన్ని ఆపలేమనడం సరికాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కొండ మీద లోవెల్ అబ్జర్వేటరీ ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ నగరం 1958లోనే ప్రకటనల సెర్చిలైట్లను నిషేధించింది. తర్వాతి దశాబ్దాల్లో దీపాల నిబంధనలను మరింత బిగించింది. 2001లో ప్రపంచంలో తొలి అంతర్జాతీయ చీకటి ఆకాశ నగరంగా గుర్తింపు పొందింది. అక్కడేమీ వీధులు చీకట్లో లేవు. దీపానికి పైన మూత పెట్టి వెలుగును కిందికే పడేలా చేయడం, నీలం తక్కువగా ఉండే పసుపు దీపాలు వాడటం, ఎక్కడ ఎంత వెలుగు ఉండవచ్చో ముందే హద్దు పెట్టుకోవడం, ఇవీ అక్కడ చేసిన పనులు.